సీసాలు పద్నాలుగు, ముద్దలు నాలుగు

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె భర్త వయసు 44. లెక్కలు చూసే ఉద్యోగం. 9 నెలల కిందట నిచ్చెన మీది నుంచి వెల్లకిలా పడ్డారు, తల వెనుక భాగం నేలకు కొట్టుకుంది. మెదడు మీద రక్తం చేరితే ఆపరేషన్ చేసి తీశారు. 12 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఇప్పుడు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు, స్నానం తానే చేస్తున్నారు. కానీ మధ్యాహ్నం దాటితే కూర్చున్నచోటే వాలిపోతారు. నిన్న చెప్పింది ఈరోజు గుర్తుండదు. చిన్న చప్పుడుకే కసురుకుంటారు. దెబ్బ తగిలినప్పటి నుంచి వాసన తెలియదు. ఆకలి లేదంటారు. మొత్తం మీద 11 కిలోలు తగ్గారు. ఫిట్స్ రాకుండా ఫెనిటాయిన్ వాడుతున్నారు.

ఆమె మరిది విదేశంలో ఉంటారు. అన్నయ్య అంటే ప్రాణం. మూడో నెల నుంచి ఆయన సీసాలు పంపడం మొదలుపెట్టారు: చేపనూనె, సిటికోలిన్, క్రియాటిన్, మెగ్నీషియం, జింక్, విటమిన్ డి, రెండు రకాల బి-కాంప్లెక్స్, ఫోలిక్ యాసిడ్, గింకో, మెదడుకు శక్తినిస్తాయని చెప్పే మరో నాలుగు మిశ్రమాలు. మొత్తం 14. పదో తరగతి చదివే కూతురు ఏది ఎప్పుడు వేయాలో గళ్లు గీసి, ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి రోజూ టిక్కులు పెడుతోంది. పొద్దున్నే గుప్పెడు గుళికలు, గ్లాసుడు నీళ్లు. "వాటితోనే కడుపు నిండిపోతుంది, నాలుగు ముద్దలు తిని లేచిపోతారు" అని రాశారామె. మొన్న పూలకుండీలో మట్టి మారుస్తుంటే లోపల రంగురంగుల గుళికలు ఇరవైకి పైగా దొరికాయట. కూతురికి చెప్పలేదు, మరిదికీ చెప్పలేదు.

మొదట్లో ఇవి బాగా పనిచేస్తున్నాయనిపించిందని, రెండు నెలలుగా ఎదుగూ బొదుగూ లేదని అంటున్నారు. ఇప్పుడు మరిది ధాన్యాలు పూర్తిగా మాన్పించి, కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉండే కీటో ఆహారం పెట్టమంటున్నారు. ఆమె అడిగినవి మూడు. ఈ గుళికలు నిజంగా మెదడును బాగుచేస్తాయా? కీటో మొదలుపెట్టాలా? "నేను ఆపేశాక ఆయన ఇక్కడే ఆగిపోతే ఆ పాపం నాదే కదా?"

అమ్మా, మీరు చివర అడిగినదే మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని ఉత్తరం చదివితే తెలుస్తోంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

మెదడుకు గట్టి దెబ్బ తగిలినవారిలో మొదటి 6 నెలలు మార్పు వేగంగా కనిపిస్తుంది. తరువాత ఆ వేగం తగ్గుతుంది. రెండేళ్ల దాకా, కొందరిలో ఆ పైన కూడా, మెరుగుదల మెల్లగా సాగుతూనే ఉంటుంది. మీ మరిది సీసాలు మూడో నెలలో వచ్చాయి. అంటే, ఏమీ ఇవ్వకపోయినా మనిషి కళ్లముందే కోలుకునే రోజుల్లో. ఆ మంచిపేరు సీసాలకు దక్కింది. ఇప్పుడు తొమ్మిదో నెల. గుళికలు ఇచ్చినా, మానినా వేగం తగ్గే కాలమిది. ఈ నెలలో మీరు ఆపితే ఆ తగ్గుదల మీ ఖాతాలో పడుతుంది, అంతే. అప్పటి మెరుగుదల వాటి గొప్పా కాదు, ఇప్పటి నెమ్మది మీ తప్పూ కాదు. ఈ మాట మీ మరిదికి ఏదైనా ఆపడానికి ముందే చెప్పండి. ఆపిన తరువాత చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది.

అలాగని ఆయన చదివినదంతా గాలికబుర్లని అనను. మెదడు మన బరువులో 2 శాతమే. అయినా ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. దెబ్బ తగలగానే నాడీకణాల నుంచి పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది, నాడీకణాలు కబుర్లు పంపుకునే గ్లూటమేట్ అనే రసాయనం అదుపు తప్పి విడుదలవుతుంది. వీటిని తిరిగి ఎక్కడివక్కడ సర్దడానికి కణాలు గ్లూకోజును విపరీతంగా మండిస్తాయి. సరిగ్గా అదే సమయంలో రక్తప్రసారం తగ్గవచ్చు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. ఆ తరువాత కొన్నాళ్లు కణాలకు శక్తి కరువే. ఈ వరుసలో ప్రతి మెట్టు దగ్గరా ఒక పోషకాన్ని కాపలా పెట్టవచ్చు కదా అన్నది పరిశోధకుల ఆలోచన. కాల్షియానికి అడ్డంగా మెగ్నీషియం, శక్తి నిల్వకు క్రియాటిన్, కణాల పొరకు చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులు, సిటికోలిన్. కాగితం మీద చక్కగా కుదిరింది. ఎలుకల్లోనూ చాలావరకు కుదిరింది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి తేలిపోయింది. సిటికోలిన్‌ను అమెరికాలో 1213 మంది తలగాయం రోగుల మీద పరీక్షించారు. సగం మందికి రోజుకు 2000 మిల్లీగ్రాముల చొప్పున 90 రోజులు మందు, మిగతా సగానికి మందు లేని ఉత్త గుళిక. 2012లో ఫలితాలు వచ్చాయి. జ్ఞాపకశక్తిలోగాని, రోజువారీ పనుల్లోగాని రెండు వర్గాలకూ తేడా లేదు. మెగ్నీషియాన్ని గాయమైన కొద్ది గంటల్లోనే నరం ద్వారా ఎక్కించి 499 మందిలో చూశారు. 2007లో వచ్చిన ఆ ఫలితాల్లో మేలు కనిపించలేదు, పైగా కొంత కీడు చేసి ఉండవచ్చని తేలింది. పోషకం కాదుగాని ప్రొజెస్టిరాన్ హార్మోన్ మీద ఇంతకంటే ఎక్కువ ఆశలుండేవి. 2014లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో, కలిపి 2 వేల మందికి పైగా రోగుల్లో, అదీ మందు లేని ఉత్త ద్రావణాన్ని మించలేకపోయింది. మీ మరిదికి తర్కం నచ్చింది. తప్పేమీ లేదు, తలపండిన పరిశోధకులకే నచ్చింది.

క్రియాటిన్ సంగతి కొంచెం వేరు. గట్టి తలగాయమైన 39 మంది పిల్లల మీద జరిగిన చిన్న అధ్యయనం ఒకదాని ఫలితాలు 2006, 2008లలో వచ్చాయి. 6 నెలలు క్రియాటిన్ ఇచ్చిన పిల్లల్లో తలనొప్పి, తలతిరుగుడు, అలసట తగ్గినట్టు కనిపించింది. ఆశ కలిగించే ఫలితమే. కాని సంఖ్య చిన్నది, ఉత్త గుళికతో పోల్చి చూడలేదు, పైగా వాళ్లంతా పిల్లలు, చికిత్స మొదలైంది గాయమైన తొలి గంటల్లో. 44 ఏళ్ల మనిషికి నెలల తరువాత ఇస్తే అదే జరుగుతుందనడానికి ఆధారం లేదు. చేపనూనెకు జంతువుల్లో మంచి ఫలితాలున్నాయి. మనుషుల్లో తలగాయాన్ని నయం చేస్తుందని చూపిన పెద్ద పరీక్ష లేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే ఒక హెచ్చరిక చేసింది: తలకు తగిలిన దెబ్బను నయం చేస్తాయని, త్వరగా కోలుకునేలా చేస్తాయని చెప్పి అమ్మే ఆహార పూరకాలను నమ్మవద్దని. సీసా మీద మెదడు బొమ్మ ఎంత పెద్దగా ఉంటే నాకు అనుమానం అంత పెద్దది.

ఇంతకీ తలగాయంలో పోషణకు గట్టి ఆధారం ఎక్కడుందో తెలుసా? మామూలు తిండిలో. న్యూయార్క్ రాష్ట్రంలో తీవ్ర తలగాయమైన 797 మంది వివరాలను 2008లో విశ్లేషిస్తే, 5 రోజుల దాకా ఆహారం అందనివారిలో మరణించే అవకాశం రెండింతలు, 7 రోజులు దాటినవారిలో నాలుగింతలు కనిపించింది. మరీ విషమంగా ఉన్నవారికే ఆహారం ఆలస్యమై ఉండవచ్చన్న అనుమానం ఇలాంటి లెక్కల్లో ఎప్పుడూ ఉంటుంది. అయినా వైద్యులు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. అమెరికా వైద్య విజ్ఞాన సంస్థ వేసిన నిపుణుల సంఘం పోషకాలన్నిటినీ జల్లెడపట్టి, తీవ్ర గాయమైనవారికి 2011లో గట్టిగా చెప్పింది ఒక్కటే: 24 గంటల్లోగా ఆహారం మొదలుపెట్టండి, మొదటి రెండు వారాలు ఒంటికి కావలసిన శక్తిలో సగానికి పైగా అందించండి, కిలో బరువుకు 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ ఇవ్వండి. ఆ ఘట్టం మీ వారి విషయంలో ఆసుపత్రిలోనే ముగిసింది. ఇప్పుడు ఆయన తేరుకుంటున్న మనిషి. 11 కిలోలు పోయిన మనిషి. ఇల్లు కట్టేచోట ఇటుకలు చాలకపోతే పని ఆగుతుంది, నిజమే. కాని గుమ్మం ముందు ఇటుకలు గుట్టపోసినంత మాత్రాన మేస్త్రీ చేయి వేగం పెరగదు. లోటు ఉంటే పూడ్చాలి. లోటు లేనిచోట పోసినదానికి మెదడు వాటా అడగదు.

ఇక మీ ఇంట్లోని ఆ 14 సీసాల దగ్గరికి వస్తాను. మేలు చేయకపోయినా చెడు చేయవుగా అనుకుంటారు చాలామంది. మీ వారి విషయంలో ఆ మాట చెల్లదు.

అన్నిటికంటే ముందు ఫోలిక్ యాసిడ్. ఫెనిటాయిన్ వాడేవారికి ఒంట్లో ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ రూపంలో ఇచ్చే బి విటమిన్) తగ్గుతుంది. కాబట్టి ఇవ్వడం సబబే అనిపిస్తుంది. కాని ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తంలో ఫెనిటాయిన్ స్థాయి పడిపోయి ఫిట్స్ తిరగబెట్టవచ్చు. ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ఇన్నాళ్లూ వాడిన ఫోలిక్ యాసిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ఫెనిటాయిన్ స్థాయి పెరగవచ్చు. అప్పుడు మగత, తూలుడు, కళ్లు అటూ ఇటూ అదరడం కనిపిస్తాయి. కాబట్టి ఈ ఒక్కదాని విషయంలో డాక్టరుకు చెప్పకుండా ఇవ్వడమూ వద్దు, ఆపడమూ వద్దు. బరువు బాగా తగ్గినవారిలో రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా తగ్గి ఉండవచ్చు. అలాంటప్పుడు ఫెనిటాయిన్ స్థాయి కాగితం మీద తక్కువగా కనిపించినా ఒంట్లో పనిచేసే భాగం ఎక్కువే ఉండవచ్చు. రెండూ కలిపి చూడమని అడగండి. కాల్షియం, మెగ్నీషియం ఉన్న గుళికలను ఫెనిటాయిన్‌తో కలిపి వేస్తే మందు సరిగా ఒంటబట్టకపోవచ్చు. పొద్దున్నే ఆ గుప్పెడులో అన్నీ కలిసే వెళుతున్నాయని మీ ఉత్తరమే చెబుతోంది.

జింక్ ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుంది. పెద్దలకు రోజుకు 40 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. అంతకు మించి నెలల తరబడి వాడితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. విటమిన్ డి రోజుకు 4000 యూనిట్లు దాటి చాలాకాలం వాడితే రక్తంలో కాల్షియం పెరగవచ్చు. పెరిగితే వచ్చే లక్షణాలేమిటో చూడండి: ఆకలి మందగించడం, నీరసం, మలబద్ధకం, మతిమరుపు. మీరు రాసిన జాబితా లాగే ఉంది కదా? అలాగని విటమిన్ డి వద్దనుకోకండి. ఫెనిటాయిన్ వల్ల అది తగ్గేవారూ ఉంటారు. ఎక్కువైందో తక్కువైందో రక్తపరీక్ష చెప్పాలి, సీసా కాదు. బి6 రెండు బి-కాంప్లెక్సుల్లోనూ ఉంటుంది, ఆ నాలుగు మిశ్రమాల్లోనూ ఉండే అవకాశం ఎక్కువ. మోతాదు మించితే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కే నరాల జబ్బు వస్తుంది. అమెరికాలో దీని పరిమితి రోజుకు 100 మిల్లీగ్రాములు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో 12 చాలంది. ఒక కాగితం తీసుకుని, అన్ని సీసాల వెనుక రాసిన బి6, జింక్, విటమిన్ డి అంకెలను కూడి చూడండి. కూడిక మీరే చేయండి, అమ్మాయితో చేయించకండి. ఎందుకో తరువాత చెబుతాను. గింకో గురించి వాదనే అక్కర్లేదు. రక్తస్రావం, ఫిట్స్ రెండిటి విషయంలోనూ దాని మీద హెచ్చరికలున్నాయి. మెదడు మీద రక్తం చేరి, ఫిట్స్ మందు వాడుతున్న మనిషికి అది అనవసరం.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెట్టిన విషయం. మీరు దాన్ని మామూలు సంగతిలా ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు: ఆకలి లేదు, బరువు తగ్గింది, మధ్యాహ్నానికి వాలిపోతారు.

మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. సన్నని కాడకు వేలాడుతుంది కాబట్టి తలకు తగిలిన కుదుపుకు అదీ దెబ్బతినవచ్చు. అప్పటిదాకా వెలువడిన అధ్యయనాలను 2007లో కలిపి చూస్తే, మెదడుకు దెబ్బ తగిలి నెలలు గడిచినవారిలో నలుగురికి ఒకరికి పైగా ఈ గ్రంథి పనిలో ఏదో ఒక లోపం కనిపించింది. ఈ గ్రంథి ఆజ్ఞతో తయారయ్యే కార్టిసాల్ హార్మోన్ తగ్గితే ఆకలి పోతుంది, బరువు తగ్గుతుంది, రక్తంలో సోడియం పడిపోతుంది, మనిషి డస్సిపోతాడు. థైరాయిడ్, టెస్టోస్టిరాన్, గ్రోత్ హార్మోన్ తగ్గినా నీరసం, చిరాకు, మతిమరుపు ఉంటాయి. ఇవన్నీ 'దెబ్బ ప్రభావం, అంతే' అన్న మాట కింద దాగిపోతాయి. మీ వారికి ఇదే ఉందని నేననడం లేదు. చూడకుండా వదిలేయకూడదని మాత్రం అంటున్నాను. ఉదయం 8, 9 గంటల మధ్య తీసిన కార్టిసాల్, థైరాయిడ్ హార్మోన్ అయిన ఫ్రీ టి4, థైరాయిడ్‌ను నడిపించడానికి పిట్యూటరీ పంపే టీఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్, గ్రోత్ హార్మోన్ స్థాయిని సూచించే ఐజీఎఫ్-1, వీటితో పాటు సోడియం, కాల్షియం, రక్తకణాల లెక్క, బి12, విటమిన్ డి చేయించడం గురించి డాక్టరుతో మాట్లాడండి. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి థైరాయిడ్ బాగుందంటే ఒప్పుకోకండి. లోపం పిట్యూటరీలో ఉంటే టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించవచ్చు, ఫ్రీ టి4 చూస్తేనే బయటపడుతుంది.

ఇక్కడే సీసాలు ఇంకో రకంగా అడ్డొస్తాయి. బి-కాంప్లెక్సులో, 'మెదడు శక్తి' మిశ్రమాల్లో ఉండే బయోటిన్ అనే బి విటమిన్ మోతాదు ఎక్కువైతే కొన్ని ప్రయోగశాల పరీక్షలను తారుమారు చేస్తుంది. టి4, టెస్టోస్టిరాన్, కొన్ని పద్ధతుల్లో కార్టిసాల్ కూడా, ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. అంటే లోపం ఉన్నా లేనట్టే కాగితం వస్తుంది. క్రియాటిన్ వల్ల మూత్రపిండాల పరీక్షలో క్రియాటినిన్ పెరిగి లేని జబ్బు ఉన్నట్టు అనిపించవచ్చు. కాబట్టి రక్తం ఇవ్వడానికి ఎన్ని రోజుల ముందు ఏవి ఆపాలో ప్రయోగశాలను అడిగి తెలుసుకోండి. బయోటిన్‌కు కనీసం 2 రోజులు అంటారు, మోతాదు పెద్దదైతే ఇంకా ఎక్కువ.

పరీక్షల్లో ఏమీ తేలకపోతే? అప్పుడు ఆకలి సమస్యను తిండి దగ్గరే పట్టుకోవాలి. మందుల మార్పు, మనోవ్యాకులత కూడా ఆకలిని చంపుతాయి, అదీ డాక్టరు చెవిన వేయండి. వెల్లకిలా పడినప్పుడు మెదడు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ముక్కు పైభాగంలో జల్లెడ లాంటి ఎముక గుండా వెళ్లే వాసన నరాలు ఆ ఊపుకు తెగిపోతాయి. మనం రుచి అనుకునేదానిలో ఎక్కువ భాగం వాసనే. మీ వారికి నాలుక మీది ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి. కారపు మంట తెలుస్తుంది, వేడీ చల్లనా తెలుస్తాయి, కరకరలాడటం తెలుస్తుంది. కమ్మదనం ఒక్కటే తెలియదు. అంటే వంటలో మీరు ఆశ పెట్టుకోవలసినవి పులుపు, కరకర, వేడి-చల్లన తేడా. మెత్తగా ఒకే తీరుగా ఉండే పదార్థం ఆయన నోటికి తడిపిన కాగితం. కొందరికి వాసన కొంతవరకు తిరిగి వస్తుంది. రోజుకు రెండుసార్లు నాలుగు రకాల ఘాటైన పరిమళాలను ఒక్కొక్కటి కొన్ని క్షణాలు శ్రద్ధగా పీల్చే వాసన సాధన ఒకటుంది. తలగాయం తరువాత దాని ఫలితం అంతంతమాత్రమేగాని కీడు లేదు, ఖర్చూ లేదు.

'ఆకలి లేదు' అనే మాటను కూడా కొంచెం అనుమానించండి. మెదడు ముందు భాగం దెబ్బతిన్నవారికి పని మొదలుపెట్టే చొరవ పోతుంది. ఆకలి ఉన్నా లేచి వెళ్లి తినాలన్న ఆలోచన పుట్టదు. ఏమైనా తింటారా అని అడిగితే వద్దనే వస్తుంది. అడగకండి, వేళకు ముందు పెట్టండి. మూడు పెద్ద భోజనాల బదులు అయిదారు చిన్నవి. ఫోనులో అలారం. టీవీ ఆపి, ఎదుట ఒకటి రెండు పదార్థాలే ఉంచండి. నాలుగు గిన్నెల్లోంచి ఎంచుకోవడం కూడా ఆయనకిప్పుడు శ్రమే. సాయంత్రానికి నీరసిస్తారు కాబట్టి బరువైన భోజనం పగటిపూటే కానివ్వండి. గుడ్లు, చేపలు, పాలు, పప్పుధాన్యాలు, గింజలు, వీటిలో మీ ఇంట్లో తినేవి ప్రతిసారీ ఏదో ఒకటి ఉండాలి. ప్రొటీన్ ఎంతన్నది మూత్రపిండాల పరీక్ష చూసి డైటీషియన్ చెప్పాలి. అప్పటిదాకా లెక్కలు వేసి బెంగపడకండి. వారానికోసారి అదే తూకం మీద బరువు చూసి రాసుకోండి. నీళ్లు తాగుతుంటే దగ్గు రావడం, తిన్నాక గొంతు తడిగా గరగరలాడటం ఉంటే మాత్రం ముందు స్పీచ్ థెరపిస్టు చేత మింగుడు పరీక్ష చేయించాలి. మద్యం ఈ దశలో చుక్క కూడా వద్దు.

కీటో గురించి రెండు మాటలు చాలు. మందులకు లొంగని మూర్ఛకు, ముఖ్యంగా పిల్లల్లో, 1920ల నుంచి వాడుతున్న పద్ధతి అది. డాక్టరు, డైటీషియన్ పర్యవేక్షణలో చేస్తారు. తలగాయంలో దాని మీద జరిగినవి చిన్నచిన్న ప్రయోగాలే. ఆ ఆహారం ఆకలిని అణిచేస్తుంది, బరువును తగ్గిస్తుంది. 11 కిలోలు తగ్గి, నాలుగు ముద్దలతో లేచిపోయే మనిషికి ఇప్పుడది పెట్టాలనడం నాకు అర్థం కాదు. బరువు తిరిగి వచ్చాక మీ మరిదికి ఇంకా ఆసక్తి ఉంటే న్యూరాలజిస్టును అడగవచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఉన్నవన్నీ ఇలాగే కొనసాగించవచ్చు. ఇంట్లో గొడవ ఉండదు, మరిది నొచ్చుకోరు. కాని పైన చెప్పిన ముప్పులన్నీ ఉంటాయి, ఏది ఏం చేస్తోందో ఎప్పటికీ తెలియదు. లేదా రేపటి నుంచే అన్నీ ఆపేయవచ్చు. వీటిలో చాలావాటిని హఠాత్తుగా ఆపినా ఒంటికి ఏమీ కాదు. ఫోలిక్ యాసిడ్ మెలిక మాత్రం ముందే చెప్పాను. డాక్టరు పరీక్ష చేసి రాసిన విటమిన్ ఏదైనా ఉంటే దాన్నీ కదిలించకూడదు, ఫెనిటాయిన్ జోలికి అసలే పోకూడదు. ఇలా ఆపితే ఆ తరువాత వచ్చే ప్రతి చెడ్డరోజుకూ మీ వైపే వేళ్లు చూపిస్తారు, ముందుగా మీరే చూపించుకుంటారు.

మూడో దారి నెమ్మదిది. సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని, మీ కూడిక కాగితంతో సహా డాక్టరు బల్ల మీద పెట్టండి. పరీక్షల్లో లోటు తేలినవి మందులా మోతాదు ప్రకారం ఉంచి, మిగతావి ఆపండి. మీ మరిదికి ఏదో ఒకటి వదులుకోలేనంత నమ్మకం ఉంటే, డాక్టరు ఒప్పుకున్నదాన్ని ఒక్కదాన్నే 8 వారాలు చూడండి. ముందూ తరువాతా థెరపిస్టు చేత జ్ఞాపకశక్తి, అలసట కొలిపించండి. కొలిచేవారికి గుళిక సంగతి చెప్పకండి. మార్పు లేకపోతే ఆ సీసా కూడా మూసేయాలని మొదలుపెట్టే రోజే మాట తీసుకోండి. దీనికి ఓపిక కావాలి, కొన్నాళ్లు మరిది అలకా భరించాలి. నేనైతే దీనివైపే మొగ్గుతాను. కాని మీ ఇంటి వాతావరణం మీకు తెలిసినంత నాకు తెలియదు.

ఏ దారి పట్టినా ముందు మాట్లాడవలసిన మనిషి మరొకరున్నారు. ఉత్తరం మొత్తంలో మరిది అన్నవి ఉన్నాయి, అమ్మాయి చేసేవి ఉన్నాయి, మీ భయాలు ఉన్నాయి. మీ వారు ఏమన్నారో లేదు. కుండీలో మట్టి కింద దొరికినవే ఆయన జవాబు అనుకోవచ్చు. అది మతిమరుపు చేసిన పని కాదు. దాచాలంటే ఆలోచన కావాలి, గుర్తుంచుకుని మళ్లీ అక్కడే దాచాలంటే ఇంకా ఎక్కువ కావాలి. ఒక రకంగా మంచి కబురే! నిలదీయకండి. పొద్దున్నపూట, ఆయన హుషారుగా ఉండే వేళ చూసి, 'ఇవి మింగడం కష్టంగా ఉందా? ఏవి ఉంచుదాం, ఏవి తీసేద్దాం?' అని అడగండి. లెక్కలు చూసిన మనిషి. సీసాల మీది అంకెల కూడికలో ఆయన్నీ కూర్చోబెట్టండి, తప్పులు చేస్తే చేయనివ్వండి.

అమ్మాయిని ఆ టిక్కుల పని నుంచి తప్పించండి. తండ్రి కోలుకోవడం తన గళ్లకాగితం మీద ఆధారపడి ఉందని పదో తరగతి పిల్ల అనుకోకూడదు. ఒక గడి ఖాళీగా ఉన్న రోజు ఆయనకు తలనొప్పి వస్తే ఆ పిల్ల మనసు ఎంత నలిగిపోతుందో మీకు చెప్పనక్కర్లేదు.

మీ మరిది పంపుతున్నవి సీసాలే అయినా, దూరాన ఉండి ఏమీ చేయలేకపోతున్నానన్న బాధ ఆయనది. సీసాలు వద్దంటే ఆయన చేతికి వేరే పని ఇవ్వాలి. రోజూ ఒకే వేళకు వీడియో కాల్ చేసి, అన్నయ్య తినేంతసేపు ఎదురుగా తానూ తింటూ కూర్చోమనండి. వాదన పెట్టకూడదు, వైద్యం గురించి ఎత్తకూడదు. సీసాలకు అయ్యే డబ్బును రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపీకో డైటీషియన్‌కో మళ్లించమనండి. ఒప్పుకుంటారో లేదోగాని, అడగడంలో తప్పు లేదు.

పరీక్షల తేదీ దూరంగా ఉన్నా కొన్ని లక్షణాలు కనిపిస్తే ఆగవద్దు. వాంతులు, జ్వరంతో పాటు మనిషి సొమ్మసిల్లడం, మగత పెరగడం, కొత్తగా తూలడం, తలనొప్పి రోజురోజుకూ ఎక్కువవడం, ఫిట్స్ రావడం, వీటిలో ఏది కనిపించినా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. అక్కడ మొదటి మాటలోనే, 9 నెలల కిందట తలకు దెబ్బ తగిలిందని, ఫెనిటాయిన్ వాడుతున్నారని, పిట్యూటరీ పరీక్షలు ఇంకా కాలేదని చెప్పండి. సీసాల సంచి కూడా వెంట తీసుకెళ్లండి.